చేతిసంచిలోని సీసా

విమానమెక్కువారి చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసా ఉండరాదను నియమమును విద్యార్థులు వినియుందురు. ఇది విమానములతోబాటు పుట్టినది కాదు. పానీయపు సీసాలలో ద్రవరూపమగు ప్రేలుడు పదార్థమును దాచి, బ్రిటనునుండి అమెరికా, కెనడాలకు పోవు విమానములను కూల్చదలచిన కుట్ర 2006 ఆగస్టు 10న బయల్పడెను. ఆ దినమున బ్రిటనులో చేతిసంచులనే నిషేధించిరి; పసిబిడ్డ పాలను సైతము వెంటనున్నవారు రుచిచూచి చూపవలసివచ్చెను. ఆ నవంబరులో ఐరోపా సమాఖ్య 100 మిల్లీలీటర్ల కొలతను విధించెను.

ఇచట పలువురు పొరబడుదురు. కొలత సీసాకే గాని అందలి ద్రవమునకు గాదు. 200 మిల్లీలీటర్ల సీసాలో అడుగున నాలుగు చుక్కలే యున్నను అనుమతింపరు. వరుసలో వందలమంది నిలిచియుండగా ద్రవమును కొలుచుట సాధ్యమా? సీసాపై అచ్చైన అంకెను చదువుట సులభము. టూత్‌పేస్టును గూడ ద్రవముగనే యెంచుదురు. మన రసాయనశాస్త్రోపాధ్యాయులు ఒప్పుకొందురో లేదో!

పాత ఎక్స్-రే యంత్రము సంచిలోని వస్తువులను ఒకదానిపై నొకటి పడిన నీడలవలె చూపును. ఆసుపత్రులలోని సి.టి. యంత్రమువంటి క్రొత్తది సంచిని అన్ని వైపులనుండి చిత్రించి, పదార్థముల సాంద్రతను గుర్తించును. దానివలననే ఎడింబరో విమానాశ్రయము 2025లో 2 లీటర్ల సీసాలను అనుమతించెను. అయితే తిరుగుప్రయాణమున ఎక్కవలసిన విమానాశ్రయమందు పాత యంత్రమే యున్నచో, అచట పాత కొలతయే వర్తించును.