అమ్మకం ఎప్పుడు ముగుస్తుంది?

ఉద్దేశం

నిత్యజీవితంలోని క్రయవిక్రయాలలో మాటకు, పత్రానికి, కాలానికి గల విలువను విద్యార్థులకు తెలియజేయడం. వాడిన కారును మధ్యవర్తులు లేకుండా అమ్మేవారికి, కొనేవారికి చట్టం నిర్దేశించిన హక్కులను, బాధ్యతలను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రవేశిక

‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్నది తెలుగువారి సామెత. అమ్మేవాడికి గిట్టుబాటు ధర రాదని, కొనేవాడికి ధర మండుతుందని దాని భావం. అయితే ధర కుదిరినంత మాత్రాన చిక్కులన్నీ తీరిపోవు. బయానా చేతిలో పడిన తరువాత కొన్నవాడు వస్తువును తీసుకొనిపోకపోతే ఆ వస్తువు ఎవరిది? దానికి నష్టం వాటిల్లితే భరించవలసినవారెవరు? ఈ ప్రశ్నలకు 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 1988 నాటి మోటారు వాహనాల చట్టం సమాధానాలు చెబుతున్నాయి.

పాఠ్యభాగం

ప్రతి అమ్మకంలోను సొమ్ము చేతులు మారుతుంది. వస్తువు చేతులు మారుతుంది. అంగడిలో కిలో వంకాయలు కొన్నప్పుడు ఈ రెండూ ఒక్క నిమిషంలో జరిగిపోతాయి. కారు విషయంలో వీటికి తోడు మూడవది కూడా ఉంది. అది రవాణా శాఖ నమోదు పుస్తకాలలో ఉన్న యజమాని పేరు. సొమ్ము ఒకనాడు, కారు మరొకనాడు, పేరు ఇంకొకనాడు మారినప్పుడు ఆ నడుమనున్న కాలంలోనే వివాదాలు పుడతాయి.

కొన్నవారు ఆలస్యం చేయడానికి కారణాలు అనేకం. మిగిలిన సొమ్ము సమకూడక కొందరు, ఇంటి ముందు నిలుపుకొనే చోటు లేక కొందరు జాప్యం చేస్తారు. ఆషాఢమనో, మూఢమనో మంచిరోజు కోసం వేచి ఉండేవారు మన ప్రాంతంలో మరెందరో. ఈ కారణాలలో దురుద్దేశం ఉండకపోవచ్చు. కాని కదలకుండా నిలిచిన కారు మాత్రం పాడవుతూనే ఉంటుంది. బ్యాటరీ దిగిపోతుంది, టైర్లలో గాలి తగ్గుతుంది, ఎలుకలు తీగలు కొరుకుతాయి, బీమా గడువు దగ్గరపడుతుంది.

ఒక ఊహాజనితమైన ఉదాహరణ పరిశీలింపదగినది. విజయవాడలో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు తన పాత కారును అమ్మదలచాడు. ఖమ్మం నుండి వచ్చిన ఒక యువ వ్యాపారి దానిని చూసి 2,40,000 రూపాయలకు బేరం కుదుర్చుకొన్నాడు. 20,000 రూపాయలు బయానాగా ఇచ్చాడు.

“మాస్టారూ! ఇప్పుడు ఆషాఢమండీ. శ్రావణం రాగానే మంచిరోజు చూసుకొని వచ్చి బండి తీసుకువెళ్తాను” అన్నాడు.

“అలాగే బాబూ! కాని ఆ రోజేదో కాగితం మీద పెట్టుకొందాం. నోటి మాట నీటిమూట అన్నారు పెద్దలు” అన్నాడు మాస్టారు.

ఇద్దరూ కూర్చొని ఒక తెల్లకాగితంపై ఒప్పందం వ్రాసుకొన్నారు. కారు నంబరు, ధర, బయానా, బాకీ సొమ్ము అందులో చేరాయి. శ్రావణమాసంలోని మొదటి శుక్రవారం నాడు మిగిలిన సొమ్ము చెల్లించి కారు తీసుకోవాలని, ఆ విధంగా కారు అప్పగించిన క్షణంలోనే హక్కు మారుతుందని వ్రాసి ఇద్దరూ సంతకాలు చేశారు.

ఆ శుక్రవారం వచ్చింది, వ్యాపారి రాలేదు. “చెల్లెలి పెళ్ళి కుదిరిందండీ మాస్టారూ! కొద్దిరోజులు ఓపిక పట్టండి” అని ఫోనులో చెప్పాడు. మాస్టారు కాదనలేక, ఔననలేక “కాగితంలో తేదీ ఉంది కదా నాయనా! తొందరగా రా” అన్నాడు. మరుసటి వారం కురిసిన గాలివానకు వేపకొమ్మ విరిగి కారుపై పడింది. ముందు అద్దం పగిలింది. అదే వారంలో మరొకరు వచ్చి 2,60,000 రూపాయలు ఇస్తామన్నారు. మాస్టారి ముందు ఇప్పుడు రెండు సమస్యలు నిలిచాయి. పగిలిన అద్దం ఖర్చు ఎవరిది? ఎక్కువ ధర ఇచ్చేవారికి కారు అమ్మవచ్చునా?

మొదటి సమస్యకు వస్తు విక్రయ చట్టంలోని 26వ సెక్షను పరిష్కారం చూపుతుంది. సాధారణంగా హక్కు ఎవరిదో నష్టం కూడా వారిదే. ఒప్పందం ప్రకారం హక్కు ఇంకా మాస్టారిదే కనుక నష్టం కూడా ఆయనదే అనిపించవచ్చు. కాని అప్పగింత ఎవరి తప్పు వల్ల ఆలస్యమైందో, ఆ తప్పు లేకపోతే జరగకుండా ఉండే నష్టాన్ని వారే భరించాలని అదే సెక్షను చెబుతున్నది. కొమ్మ ఆషాఢంలోనే విరిగి ఉంటే గడువు ఇంకా మిగిలి ఉంది కాబట్టి నష్టం మాస్టారిదే అయ్యేది. అది గడువు దాటిన తరువాత పడింది. శుక్రవారమే తీసుకొనిపోయి ఉంటే కారు ఆ చెట్టు కింద ఉండేది కాదు. అందువల్ల ఆ భారం ఆలస్యం చేసిన కొనుగోలుదారుడిపై పడుతుంది. కాగితంపై తేదీ లేకపోతే ఈ విషయాన్ని నిరూపించడం కష్టమయ్యేది.

రెండవ సమస్య మరింత సున్నితమైనది. హక్కు తనదే అయినా మాస్టారు మాట ఇచ్చాడు. ఒక్క మాటైనా చెప్పకుండా కారును ఇతరులకు అమ్మితే ఒప్పందం తప్పినవాడు ఆయనే అవుతాడు. ముందుగా కారు అప్పగించడానికి సిద్ధంగా ఉన్నానని కొన్నవానికి తెలియజేసి, తగినంత గడువు ఇవ్వాలి. ఆ గడువులోనూ రాకపోతే తప్పు పూర్తిగా కొన్నవానిదే అవుతుంది. అప్పుడు అమ్మకందారుడు ఆ ఒప్పందానికి స్వస్తి చెప్పి, తనకు కలిగిన నష్టానికి పరిహారం కోరవచ్చు. బయానా సంగతి ఏమవుతుందో ముందే ఒప్పందంలో వ్రాసుకోవడం ఉభయులకూ క్షేమకరం.

హక్కు ఎప్పుడు మారుతుందో కాగితంపై వ్రాసుకోని సందర్భాలు వేరు. అప్పగించడానికి సిద్ధంగా ఉన్న ఒక నిర్దిష్టమైన వస్తువును షరతులు లేకుండా అమ్మితే, వేరే ఉద్దేశం కనిపించనప్పుడు, ఒప్పందం జరిగిన క్షణంలోనే హక్కు కొన్నవానికి సంక్రమిస్తుందని 20వ సెక్షను చెబుతున్నది. సొమ్ము చెల్లింపు, అప్పగింత తరువాతికి వాయిదా పడినా ఈ నియమం మారదు. అయితే పూర్తి ధర ముట్టనంతవరకు తన స్వాధీనంలో ఉన్న వస్తువును నిలిపి ఉంచుకొనే హక్కు అమ్మినవానికి ఉంటుంది. ఇతరులకు తిరిగి అమ్మదలిస్తే 54వ సెక్షను ప్రకారం ముందుగా నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇవ్వకుండా అమ్మి లాభం పొందితే ఆ లాభం మొదట కొన్నవానికి చెందుతుంది; నష్టం వస్తే దానిని కోరే హక్కు అమ్మినవానికి ఉండదు.

ఇక పూర్తి సొమ్ము చెల్లించి, హక్కు పొంది, కారును మాత్రం తీసుకొనిపోనివారు కొందరు. అటువంటి కారు అమ్మినవాని ఇంట్లో ఉన్నా పరుల సొత్తే. దానిని ఇతరులకు అమ్మరాదు. సొంత పనులకు వాడుకోరాదు. వివేకవంతుడు తన వస్తువును కాపాడుకొన్నట్లే దానిని కాపాడాలి. అయితే తీసుకొనిపొమ్మని కోరిన తరువాత కూడా తగిన కాలంలో రాకపోతే, ఆ జాప్యం వల్ల కలిగిన నష్టాన్ని, భద్రపరచడానికి అయిన న్యాయోచితమైన ఖర్చును కొన్నవాడు చెల్లించాలని 44వ సెక్షను నిర్దేశిస్తున్నది.

మాస్టారు బాగా ఆలోచించి రెండవ బేరగానికి వెంటనే మాట ఇవ్వలేదు. ఖమ్మం వ్యాపారికి స్పీడు పోస్టులో ఒక లేఖ వ్రాశాడు. ఒప్పందం తేదీని, దాటిపోయిన గడువును, పగిలిన అద్దం సంగతిని అందులో పేర్కొని, పది రోజుల్లో బాకీ సొమ్ముతో వచ్చి కారు తీసుకొనిపొమ్మని, లేనిపక్షంలో ఒప్పందం రద్దవుతుందని స్పష్టంగా తెలియజేశాడు. ఆ లేఖలో ఒక్క పరుషవాక్యమైనా లేదు. తొమ్మిదవ రోజున వ్యాపారి వచ్చాడు. “తప్పు నాదేనండీ మాస్టారూ!” అంటూ బాకీతో పాటు అద్దం ఖర్చు కూడా ఇచ్చాడు.

కారు వెళ్ళిపోయింది. అయినా అమ్మకం ముగియలేదు. పేరు మారవలసి ఉంది. ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే 14 రోజుల్లోపు అమ్మినవాడు 29వ నంబరు ఫారం ద్వారా రవాణా శాఖకు ఆ సంగతి తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లోపు తన పేరు నమోదు చేయించుకోవాలి. ఇందుకు 30వ నంబరు ఫారం ఉంది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయిన నాటి నుండి విజయవాడ, ఖమ్మం వేర్వేరు రాష్ట్రాలలో ఉన్నాయి. కాబట్టి మాస్టారు 28వ నంబరు ఫారంతో నిరభ్యంతర పత్రం పొంది, 45 రోజుల్లోపు దానిని అందజేయవలసి వచ్చింది.

ఈ నియమాన్ని తేలికగా తీసుకోరాదు. 2007లోనే తన కారును అమ్మివేశానని చెప్పిన ఒక యజమాని పేరే 2009లో ప్రమాదం జరిగేనాటికి నమోదు పుస్తకాలలో ఉంది. ఈలోగా కారు పలువురి చేతులు మారింది. అయినప్పటికీ బాధితులకు నష్టపరిహారం చెల్లించవలసిన బాధ్యత నమోదైన యజమానిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న తీర్పు చెప్పింది. కారు ఎన్ని చేతులు మారిందో వెదుకుతూ తిరిగే శ్రమను బాధితులపై మోపరాదన్నది ఆ తీర్పులోని అంతరార్థం. వస్తు విక్రయ చట్టం దృష్టిలో యజమాని ఒకరు, ప్రమాద బాధితుల ఎదుట యజమాని మరొకరు కావచ్చునని దీనివల్ల తెలుస్తున్నది. ఖాళీ ఫారాలపై సంతకం చేసి ఇచ్చి, తన పని తీరిందనుకొనేవారు గుర్తుంచుకోవలసిన విషయమిది.

బీమా విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇతరులకు జరిగే నష్టానికి సంబంధించిన బీమా కారుతో పాటే కొన్నవానికి సంక్రమిస్తుంది. కారుకు జరిగే సొంత నష్టానికి సంబంధించిన బీమా అలా దానంతటది సంక్రమించదు. అందుచేత కొన్నవాడు 14 రోజుల్లోపు బీమా సంస్థకు దరఖాస్తు చేసి పేరు మార్పించుకోవాలి.

మాస్టారు కారు అప్పగించేటప్పుడు మరొక పని చేశాడు. తేదీతో పాటు గంట, నిమిషం కూడా వేసి, మీటరులో కనిపించే కిలోమీటర్లను, ఇచ్చిన తాళాల సంఖ్యను వ్రాసి, వ్యాపారి చేత రశీదు తీసుకొన్నాడు. వ్యాపారిపై అనుమానంతో ఆయన ఈ పని చేయలేదు. ఏ క్షణం వరకు బాధ్యత తనదో, ఏ క్షణం నుండి ఎదుటివారిదో ఇద్దరికీ స్పష్టంగా తెలిస్తే స్నేహం చెడదని ఆయన నమ్మకం. సొమ్ము, వస్తువు, పేరు – ఈ మూడూ మారిన నాడే అమ్మకం ముగుస్తుంది. అంతవరకు ఓపిక ఎంత అవసరమో, కాగితం కూడా అంతే అవసరం.

కఠిన పదాలకు అర్థాలు

బయానా : బేరం ఖాయపరచుకొనడానికి ముందుగా ఇచ్చే సొమ్ము
జాప్యం : ఆలస్యం
సంక్రమించు : ఒకరి నుండి మరొకరికి చెందు
పరుషవాక్యం : కఠినమైన మాట
నిరభ్యంతర పత్రం : అభ్యంతరం లేదని తెలిపే పత్రం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కొన్నవాడు కారును తీసుకోవడంలో జాప్యం చేసినప్పుడు అమ్మినవాని హక్కులను, బాధ్యతలను వివరించండి.
2. ‘సొమ్ము, వస్తువు, పేరు – ఈ మూడూ మారిన నాడే అమ్మకం ముగుస్తుంది.’ సమర్థించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. పగిలిన అద్దం ఖర్చు కొనుగోలుదారుడిపై ఎందుకు పడింది?
2. 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పు సారాంశం ఏమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మాస్టారు వ్యాపారికి ఎన్ని రోజుల గడువు ఇచ్చాడు?
2. ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే కొన్నవాడు ఎన్ని రోజుల్లోపు పేరు నమోదు చేయించుకోవాలి?

ఈ) సందర్భసహిత వ్యాఖ్య
“కాగితంలో తేదీ ఉంది కదా నాయనా!”

ఉ) వ్యాకరణం
న్యాయోచితం : న్యాయ + ఉచితం – గుణసంధి
అంతరార్థం : అంతర + అర్థం – సవర్ణదీర్ఘసంధి
క్రయవిక్రయాలు : క్రయమును, విక్రయమును – ద్వంద్వ సమాసం
పది రోజులు : పది సంఖ్య గల రోజులు – ద్విగు సమాసం