అల్లుడా, వరంగల్‌లోనే చూపించుకో

హన్మకొండ



నిన్న మీ అమ్మ, అదే మా వదిన, ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. తాగుడు మానడానికి వాడే నీ మందులు అయిపోయాయట. మళ్లీ డాక్టరుకు చూపించుకోమంటే, "హైదరాబాద్ అయితే పోతా, ఎంజీఎం దవాఖానకు మాత్రం రాను, గల్లీవోళ్లు ఎవరన్న చూస్తే ఇజ్జత్ పోతది" అన్నావట.

తాగుడు మంచిది కాదని చెప్పడానికి రాయడం లేదు బిడ్డా. అది నీకు చెప్పనివాళ్లు లేరు. నేను రాసేది ఆ ఇజ్జత్ గురించే.

నా నర్సు ఉద్యోగమంతా సర్కారు దవాఖానల్లోనే గడిచింది. కాలేయం చెడి కడుపు ఉబ్బి వచ్చినవాళ్లను చూశాను, ఫిట్స్ వచ్చి బండి మీంచి పడ్డవాళ్లను చూశాను. ఇంత ముదిరేదాకా ఏం చేశారని అడిగితే చాలామంది తల వంచుకునేవాళ్లు. మానసిక విభాగం ఓపీ ముందు హెల్మెట్ తీయకుండా కూర్చునేవాళ్లు. భార్యను లైన్లో నిలబెట్టి తాము బయట చెట్టు కింద ఉండేవాళ్లు. చీటీ మీద తమ్ముని పేరు రాయించినవాళ్లూ ఉన్నారు. అట్లా రాయిస్తే ఏమవుతుందో తెలుసా? ఆర్నెల్లకు అదే మనిషి వాంతిలో రక్తం పడి క్యాజువాలిటీకి వస్తాడు, ఈసారి సొంత పేరుతో. పాత రిపోర్టులు దొరకవు. ఏ మందు ఎంత వాడాడో డ్యూటీ డాక్టరుకు తెలియదు. నువ్వు కూడా మీ కరీమాబాద్‌లో ఎవరి కంటా పడొద్దని కాజీపేట దాకా పోయి తాగి, రాత్రిపూట బండి మీద వచ్చేవాడివి. ఆ రోడ్డు మీద నీకేమన్నా అయితే, అందులో తాగుడు పాలెంతో సిగ్గు పాలూ అంతే.

మనవాళ్ల సంగతి నాకు తెలియనిది కాదు. పెళ్లికి మందు, చావుకు మందు, దసరాకు మందు. దావత్‌లో గ్లాసు వద్దన్నవాణ్ని "పెద్ద నాటకాలు చేస్తుండు" అంటారు. అదే గ్లాసు రోజూ లేకుండా ఉండలేని స్థితికి వచ్చినవాణ్ని "తాగుబోతు" అని పీట దూరంగా వేస్తారు. వైన్స్‌కు లైసెన్సు ఇచ్చి సర్కారు ఏటా వేల కోట్లు రాబట్టుకుంటుంది. ఊళ్లలో బెల్టు షాపు నడిపేవానికి మర్యాదకేం లోటు లేదు. తలదించుకోవలసినవాడు మాత్రం కొని తాగినవాడొక్కడే! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు వాళ్ల కోపం అమ్మేవాళ్ల మీద, అమ్మించేవాళ్ల మీద. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ కోపం మాత్రం మన ఇళ్లల్లో దారి తప్పి తాగేవాని మీదికే తిరిగింది. తాగేవాడు ఇంట్లో కొడితే ఊరుకోమని నేననను. నీ భార్య పడ్డ బాధ బాధే, దానికి నువ్వు ఆమెకు జవాబు చెప్పాలి. గల్లీకి మాత్రం నువ్వేం జవాబుదారు కాదు.

మొన్న కార్తీకంలో నువ్వు అయ్యప్ప మాల వేసుకున్నావు గుర్తుందా? నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. అప్పుడు గల్లీ అంతా నిన్ను "స్వామీ" అన్నది. కన్నతల్లి కూడా స్వామీ అనే పిలిచింది. కిరాణా షాపాయన కుర్చీ వేశాడు. పొద్దున చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, భిక్షకు పదిమంది పిలుపు. ఏ దోస్తూ గ్లాసు చేతికివ్వలేదు. మాల తీసిన సాయంత్రమే వాళ్లు సీసాతో కూర్చున్నారు, వారానికల్లా నువ్వు మళ్లీ తాగుబోతువైపోయావు. "నలభై ఒక్క రోజులు ఉన్నోనికి జన్మంతా ఉండ చాతకాదా, మనసు లేకగాని" అని మీ నాన్నే అన్నాడు. నేను ఒప్పుకోను. అది నీ మనసొక్కటే చేసిన పని కాదు. చుట్టూ ఉన్నవాళ్లు నీకు మర్యాద ఇచ్చారు, తోడున్నారు, రోజు గడపడానికో పద్ధతి ఉంది. మందులతో పాటు ఇవి కూడా ఉంటే మనిషి నిలబడతాడు. మర్యాద తీసేసి మానమంటే ఎట్లా మానతాడు?

ఇంకో మాట. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవాళ్లు మాల కోసమో, ఒట్టు కోసమో ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. మొదట చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. మూడో రాత్రికి కొందరు లేని చీమలను దుప్పటి మీంచి ఏరుతూ కూర్చుంటారు, పక్కన లేని మనిషితో మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందని తాయెత్తు కోసం పోతారు. అది ప్రాణం తీసే స్థితి. దవాఖానలో మందులిచ్చి మెల్లగా తగ్గిస్తారు, బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ దిక్కు వందల మంది ఇట్లాగే దవాఖానల పాలయ్యారు. ఆ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజీపాం ఒంటికి అలవాటై, ఒక్కసారి అందకపోయేసరికి పిచ్చిపిచ్చిగా చేశారు. కూలినాలి చేసుకునే ఆడవాళ్లు కూడా అందులో ఉన్నారు. వాళ్లను టీవీల్లో వింతగా చూపించారు. 2020 లాక్‌డౌన్‌లో వైన్స్ మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక దవాఖాన ముందు అదే పరిస్థితి. రోగం కాకపోతే సరుకు అందనంత మాత్రాన ఫిట్స్ ఎందుకొస్తాయి?

నువ్వు ఒంటరివాడివి అనుకుంటున్నావేమో. 2019లో ఎయిమ్స్ వాళ్లు బయటపెట్టిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మద్యం వల్ల సహాయం అవసరమైన స్థితికి వచ్చినవాళ్లు 5 కోట్ల పైమాటే. మద్యం లేకుండా ఉండలేని దశకు చేరినవాళ్లలో చికిత్స ఏదో ఒకటి అందింది 38 మందిలో ఒక్కరికే. మిగతా 37 మందిలో నీలాగ గోడచాటున ఉన్నవాళ్లు ఎంతమందో! ఇది పేదింటి గొడవ కూడా కాదు. మద్రాసులో టీటీకే వంటి పెద్ద వ్యాపార కుటుంబంలో శాంతి రంగనాథన్ గారి భర్త తాగుడుతోనే 1979లో పోయాడు. ఆమె దాచుకోలేదు. మరుసటి ఏడే అక్కడ తాగుడు మాన్పించే చికిత్సా కేంద్రం మొదలుపెట్టింది. 1992లో పద్మశ్రీ వచ్చింది. ఇంటి పరువు పోతుందని ఆమె నోరు మూసుకుని ఉంటే ఎందరి ఇళ్లు మునిగేవో.

చట్టం కూడా నీ వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుల్లోనే లెక్కించింది. నీ వివరాలు గోప్యంగా ఉంచడం దవాఖాన బాధ్యత. నీ దోస్తు ఒకడు గంజాయి మానలేక, పోలీసులకు పట్టిస్తారని డాక్టరు దగ్గరికి పోవడం లేదని చెప్పావు కదా. తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు చేరినవానికి, సొంతానికి వాడిన కేసుల్లో, కొద్ది మోతాదు కేసుల్లో మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ మత్తుమందుల చట్టంలోనే ఉంది. వానికి చెప్పు. నోరు విప్పి ఎదుట చెప్పలేకపోతే సర్కారు హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయమను, తెలుగులోనే మాట్లాడతారు.

నువ్వు ఒక్కసారి జారితే మీ ఇంట్లో "మళ్లా మొదలుపెట్టిండు" అంటారు. షుగరు పెరిగినవాణ్ని ఎవరూ అట్లా అనరు, మందు మార్పించుకు రమ్మంటారు. నువ్వూ అట్లాగే పో. బస్టాండు దగ్గర అమ్మే మాన్పుడు పొడులు, తెలియకుండా అన్నంలో కలిపే గోళీలు మాత్రం ఇంట్లోకి రానీయొద్దని వదినకు గట్టిగా చెప్పాను. అవి వేసుకున్నట్టు తెలియక పైన తాగితే గుండె మీదికొస్తుంది.

దావత్‌లో ఎవరన్నా గ్లాసు ఇస్తే కథలు చెప్పకు. "నాకు ట్రీట్‌మెంట్ నడుస్తుంది, తాగను" అను. మొదట నవ్వుతారేమో, నవ్వనీ. రెండోసారి అడగరు. పైగా ఆ గుంపులోనే ఒకడు తర్వాత పక్కకు పిలిచి, "ఎక్కడ చూపించుకున్నవన్నా?" అని అడుగుతాడు. నాకు తెలిసినవాళ్లకు ఇట్లాగే అయింది.

హైదరాబాద్ ఒక్కసారి పోగలవు. నెలనెలా పనులు వదులుకుని, చార్జీలు పెట్టుకుని ఎన్నాళ్లు పోతావు? ఈ చికిత్స ఏళ్లు నడుస్తుంది, దగ్గర్లో ఉంటేనే సాగుతుంది. సోమవారం పొద్దున రా. నేను ఎంజీఎం గేటు దగ్గర ఉంటా, కోడలిని కూడా తోలుకురా, ఆమెతోనూ డాక్టరు మాట్లాడాలి. పోయినసారి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, పాత చీటీలు అన్నీ పట్టుకో. ఈలోపు చేతులు వణికినా, రాత్రి నిద్ర పట్టకపోయినా సోమవారం దాకా ఆగకు, ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్.

మీ అత్త