పాత బండికి కరెంటు ఫ్యాను: రిలే, ఫ్యూజు, వైర్లు కలిపే తీరు

హైదరాబాదు పాతబస్తీలోని మాదన్నపేట కూరగాయల మార్కెట్‌కు సరుకు తెచ్చే చిన్న రైతులకు టైముకు చేరడమే సగం లాభం. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల వైపు నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని వచ్చే పాత జీపు, పాత కారు ఊరి బయట బాగానే నడుస్తుంది. కర్మన్‌ఘాట్, చంపాపేట దాటి సైదాబాద్ చేరేసరికి రద్దీ మొదలవుతుంది. బండి రెండడుగులు వేస్తుంది, ఆగుతుంది. అప్పుడే వేడి ముల్లు పైకి లేస్తుంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తుంది. ఇంజను చల్లారే దాకా రోడ్డు పక్కన నిలబడితే కొత్తిమీర, పాలకూర కట్టలు వాడిపోతాయి. మార్కెట్ సద్దుమణిగాక చేరిన సరుకుకు కొనేవాడు చెప్పిందే ధర. మొండికేసి అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, ఒక్కోసారి ఇంజనే పట్టేస్తుంది. ఆ ఖర్చు ఒక పంట రాబడిని మింగేస్తుంది.

ఈ బాధకు చాలా బళ్లలో కరెంటు ఫ్యాను మంచి మందు. అయితే వైర్లు సరిగ్గా కలపకపోతే బండికి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. మిస్త్రీ చేత చేయించినా సరే, పని ఎలా జరగాలో రైతుకు తెలిసి ఉండాలి.

పాత ఫ్యాను ఎందుకు చాలదు?

అంబాసిడర్ లాంటి పాత కార్లకు, పాత జీపులకు రేడియేటర్ ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది. ఇంజను ఎంత వేగంగా తిరిగితే ఫ్యాను అంత వేగంగా తిరుగుతుంది. రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. అప్పుడు ఫ్యానుతో పెద్దగా పని లేదు. రద్దీలో ఆగినప్పుడు గాలి ఉండదు, ఇంజను మెల్లగా తిరుగుతుంది, ఫ్యాను కూడా మెల్లగానే తిరుగుతుంది. అంటే అవసరం ఎక్కువున్నప్పుడే పాత ఫ్యాను పని తక్కువ.

కరెంటు ఫ్యాను ఇందుకు ఉల్టా. ఇంజను వేగంతో దానికి సంబంధం లేదు. నీళ్లు వేడెక్కితే తిరుగుతుంది, చల్లబడితే ఆగుతుంది. 1983లో వచ్చిన మారుతి 800, 1984లో వచ్చిన మారుతి వ్యాను కంపెనీ నుంచే ఈ ఏర్పాటుతో వచ్చాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గానీ అలాంటి పాత బళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటికి ఈ ఏర్పాటు మనమే చేసుకోవాలి.

ముందు ఇవి చూడండి

వేడెక్కే ప్రతి బండికీ ఫ్యాను తప్పు కాదు. నీళ్లు కారుతున్నాయా, బెల్టు వదులైందా, వాటర్ పంపు తిరుగుతోందా చూడాలి. రేడియేటర్ ముందు భాగంలో దుమ్ము, పొట్టు, పురుగులు అతుక్కుంటే గాలి దూరదు. ఇంజను వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడగాలి. మరీ గట్టిగా కొడితే రేకులు వంగుతాయి.

బోరు నీళ్లు పోసే అలవాటు మానుకోవాలి. ఉప్పు నీళ్లతో డ్రిప్ పైపుల రంధ్రాలు తెల్లగా గారకట్టి ఎలా మూసుకుపోతాయో, రేడియేటర్ గొట్టాలూ అలాగే మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయాలి. లేదా కలిపి అమ్మే కూలెంట్ వాడాలి.

మూత కూడా ముఖ్యమే. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో మామూలు గిన్నెలో నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూతలాగా ఒత్తిడి పట్టి ఉంచి, 100 డిగ్రీలు దాటినా నీళ్లు మరగకుండా ఆపుతుంది. మూత రబ్బరు అరిగితే ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా నీళ్లు పొంగుతాయి.

ఇవన్నీ బాగుండి, రోడ్డు మీద చల్లగా ఉండి, రద్దీలో మాత్రమే వేడెక్కుతుంటే కరెంటు ఫ్యాను అవసరమని తేల్చుకోవచ్చు. రోడ్డు మీద వేగంలో కూడా వేడెక్కితే లోపం వేరే ఉంది.

స్టార్టర్ తెలిస్తే రిలే తెలిసినట్టే

బావి మోటారును మనం నేరుగా బటన్‌తో నడపం. బటన్ నొక్కితే స్టార్టర్ లోపలి కాయిల్‌కు కొద్ది కరెంటు పోతుంది. కాయిల్ లాగితే పెద్ద కాంటాక్టులు కలిసి మోటారుకు కరెంటు అందుతుంది. బండిలో రిలే చేసే పని అచ్చం ఇదే. ఫ్యాన్ స్విచ్ బటన్ లాంటిది, రిలే స్టార్టర్ లాంటిది, ఫ్యాను మోటారు లాంటిది.

కారు ఫ్యాను సాధారణంగా 8 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది. మొదలయ్యే క్షణంలో దానికి రెండు మూడు రెట్లు లాగుతుంది. 12 వోల్టుల మీద 10 ఆంపియర్లంటే 120 వాట్లు, అంటే రెండు హెడ్‌లైట్లు కలిపి లాగినంత. ఇంత కరెంటు చిన్న స్విచ్ గుండా పోతే అది కాలిపోతుంది. అందుకే రిలే తప్పనిసరి.

కావలసిన సామాను

12 వోల్టుల రేడియేటర్ ఫ్యాను, 30 లేదా 40 ఆంపియర్ల నాలుగు కాళ్ల రిలే, మూత ఉన్న ఫ్యూజు గూడు, ఫ్యాన్ స్విచ్, లోపల పెట్టుకోవడానికి ఒక చిన్న చేతి స్విచ్, వైర్లు. ఫ్యాను 10 ఆంపియర్లదైతే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 20 ఆంపియర్ల ఫ్యూజు. 15 ఆంపియర్లదైతే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 30 ఆంపియర్ల ఫ్యూజు. రిలే కాయిల్‌కు సన్న వైరు చాలు. వైరు ఏదైనా సన్న పోగులున్న రాగి వైరే కావాలి. ఇంట్లో వాడే ఒంటి తీగ అదురుకు విరుగుతుంది. అల్యూమినియం వైరు అసలు వద్దు.

వైర్లు కలిపే వరుస

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఏ కొస బాడీకి కలిపి ఉందో చూడండి. ఎక్కువ బళ్లలో మైనస్ బాడీకి ఉంటుంది. చాలా పాత బళ్లలో ప్లస్ బాడీకి ఉండేది. అలాంటి బండిని అది తెలిసిన మిస్త్రీకే అప్పగించాలి. మైనస్ బాడీకి ఉన్న బండికి కలిపే తీరు ఇది. ముందుగా బ్యాటరీ మైనస్ విప్పండి.

రిలే కాళ్ల దగ్గర 30, 87, 85, 86 అని అంకెలు ఉంటాయి.

1. బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు ఫ్యూజు మీదుగా 30వ కాలుకు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి.
2. 87వ కాలు నుంచి లావు వైరు ఫ్యాను ప్లస్‌కు.
3. ఫ్యాను మైనస్ నుంచి అంతే లావు వైరు బాడీకి. రంగు గీకి, మెరిసే ఇనుము మీద బోల్టుతో బిగించాలి.
4. తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరు నుంచి 5 ఆంపియర్ల చిన్న ఫ్యూజు మీదుగా సన్న వైరు 86వ కాలుకు. తాళం తీస్తే ఫ్యాను ఆగుతుంది, బ్యాటరీ దిగిపోదు.
5. 85వ కాలు నుంచి సన్న వైరు ఫ్యాన్ స్విచ్‌కు, అక్కడి నుంచి బాడీకి.
6. అదే 85 నుంచి ఇంకో సన్న వైరు డ్రైవర్ దగ్గరి చేతి స్విచ్‌కు, అక్కడి నుంచి బాడీకి. ఫ్యాన్ స్విచ్ పాడైన రోజు ఈ స్విచ్ వేసుకుని మార్కెట్ చేరొచ్చు.

రిలేను కాళ్లు కిందికి ఉండేట్టు, సైలెన్సర్ వేడికి, చక్రాల నీళ్లకు దూరంగా బిగించాలి. వైరు రేకు గుండా దూరే చోట రబ్బరు గుండీ వేయాలి.

ఫ్యాన్ స్విచ్ ఎన్ని డిగ్రీలది?

ఇంజనులో థర్మోస్టాట్ అనే చిన్న తలుపు ఉంటుంది. చాలా బళ్లలో అది సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. ఫ్యాన్ స్విచ్ అంతకన్నా పైన కలవాలి. 92 దగ్గర కలిసి 87 దగ్గర విడిపోయేది అలాంటి బళ్లకు సరిపోతుంది. 80కే కలిసే స్విచ్ వేస్తే ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది.

పాత రేడియేటర్‌కు స్విచ్ బిగించే రంధ్రం ఉండదు. పై రబ్బరు పైపును కోసి మధ్యలో స్విచ్ పట్టే లోహపు ముక్క పెట్టి క్లిప్పులు బిగిస్తారు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఒక్క కాలు స్విచ్‌కు ఎర్త్ దాని ఒంటి గుండానే అందాలి. రెండు వైపులా రబ్బరు ఉంటే ఎర్త్ అందదు, ఫ్యాను తిరగదు. ఆ లోహపు ముక్క నుంచి బాడీకి వేరే వైరు వేయాలి.

పాత ఫ్యాను తీసెయ్యాలా?

తొందరపడొద్దు. చోటుంటే కరెంటు ఫ్యానును రేడియేటర్ ముందు పెట్టి పాతదాన్ని ఉంచండి. ముందు పెట్టిన ఫ్యాను ఎదురుగాలికి కొంచెం అడ్డమే గానీ, అది ఆగిన రోజు పాతది ఆదుకుంటుంది. పాతది తీయాల్సి వస్తే రెక్కలు మాత్రమే తీయాలి. వాటర్ పంపునూ, డైనమోనూ తిప్పేది ఆ బెల్టే కాబట్టి బెల్టు జోలికి పోవద్దు.

ముందు పెట్టిన ఫ్యాను గాలిని ఇంజను వైపు నెట్టాలి. కాగితం ముక్క పట్టి చూస్తే తెలుస్తుంది. వైర్లు తారుమారైతే ఫ్యాను ఉల్టా తిరిగి ఎదురుగాలితో కొట్లాడుతుంది. వెనక పెట్టే ఫ్యాను వేరు, ముందు పెట్టే ఫ్యాను వేరు. కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి.

డైనమో ఉన్న బళ్లకు

ఆల్టర్నేటర్ లేని బండికి ఈ ఫ్యాను పెట్టే ముందు ఆలోచించాలి. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు డైనమో కరెంటు చాలా తక్కువ. తెల్లవారుజామున లైట్లు, ఫ్యాను కలిసి 20 ఆంపియర్లు లాగితే బ్యాటరీ దిగిపోతుంది. ముందు ఆల్టర్నేటర్ వేయించుకుని, తర్వాత ఫ్యాను సంగతి చూడాలి.

పని అయ్యాక పరీక్ష

తాళం తిప్పి చేతి స్విచ్ వేయండి. రిలే టిక్కుమని ఫ్యాను తిరగాలి. తర్వాత ఆ స్విచ్ తీసి, బండిని నిలబెట్టి ఇంజను నడపండి. వేడెక్కాక ఫ్యాను దానంతటదే తిరగాలి, కాసేపటికి ఆగాలి. ఇలా రెండు మూడుసార్లు జరగాలి. తర్వాత ఇంజను ఆపి ఫ్యూజు గూడు, రిలే, వైర్ల అతుకులు చేత్తో ముట్టి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అతుకు వదులుగా ఉంది, లేదా వైరు సన్నం. సరుకు వేసుకుని పోయే ముందు ఊరి దగ్గర ఒక తిరుగుడు తిరిగి చూడాలి.

మరవకూడని జాగ్రత్తలు

వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, నీళ్లు ఎగజిమ్మి ముఖం కాలుతుంది. వేడి ఇంజను మీద చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. తాళం తీయకుండా ఫ్యాను దగ్గర చెయ్యి, తువ్వాలు పెట్టొద్దు, అది ఎప్పుడైనా తిరగొచ్చు. ఫ్యూజు పోతే తీగ చుట్టడం, పెద్ద ఫ్యూజు వేయడం వద్దు. పోయిన ఫ్యూజు ఎక్కడో తప్పుందని చెబుతోందన్నమాట. గోనె సంచులు, ఎండు గడ్డి ఉన్న బండిలో కాలే వైరు ఎంత పని చేస్తుందో చెప్పనక్కర్లేదు.

మిస్త్రీ దగ్గర నిలబడి మూడు మాటలు అడగండి. "ఉస్తాద్, ఫ్యూజు బ్యాటరీ పక్కనే పెట్టినవా? రిలే వేసినవా? ఎర్త్‌కు రంగు గీకినవా?" మూడింటికీ చేత్తో చూపించిన తర్వాతే డబ్బులివ్వండి. రిలే ఒకటి, ఫ్యూజులు రెండు అదనంగా కొని బండిలో పెట్టుకోండి. దారిలో అవసరం పడితే నిమిషాల్లో మార్చుకుని, బేరాలు మొదలయ్యే వేళకు మాదన్నపేట చేరొచ్చు.