మాటిమాటికీ వచ్చే దద్దు: వయ్యారిభామను అనుమానించారా?

కారణం తెలియకుండా వచ్చి, మందుతో అణగి, నెల తిరగకముందే మరల కనిపించే చర్మవ్యాధిలో ముందుగా తేల్చుకోవలసినది ఒకటున్నది. ఒక్కొక్క దద్దు ఎంతసేపు నిలుచుచున్నది? దాని చుట్టూ పెన్నుతో గీత గీసి చూడవచ్చును. 24 గంటలలోగా మచ్చయైనా మిగలక మాయమై, వేరొకచోట లేచినచో అవి దద్దుర్లు. మాధవనిదానంలో శీతపిత్తము, ఉదర్దము, కోఠము అని వర్ణింపబడినవి ఈ కోవకు చెందినవే. ఆరు వారాలు దాటి బాధించు దద్దుర్లలో చాలామందికి బయటి కారణమేదీ దొరకదు. కనుక వంకాయ, గోంగూర, చేపలు అంటూ ఒక్కొక్కటే మానివేసి నీరసపడుట వృథా.

అట్లుకాక దురద ఒకేచోట రోజుల తరబడి నిలిచి, చర్మం నల్లబడి, దళసరియై, ఒక్కొక్కప్పుడు రసి కారుచున్నచో అది వేరు. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు, మోకాళ్ల వెనుక భాగం – ఈ చోట్లలో వచ్చినచో మాత్రం వంటింటిని వదలి వీధిలోనికి చూడవలెను. కాచిగూడ, విద్యానగర్ మొదలు తార్నాక వరకు ఎందరికో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమే ఉదయపు నడక స్థలం. ఆ బాటల పక్కన, ఖాళీ స్థలాలలో తెల్లని చిన్న పూలతో నిలిచే మొక్క వయ్యారిభామ. దీనినే కాంగ్రెసు గడ్డి అని కూడా అందురు. మెక్సికో ప్రాంతపు ఈ మొక్క 1955 ప్రాంతంలో పుణెలో గుర్తింపబడి, తరువాత దేశమంతటా వ్యాపించినది. పేరులోని వయ్యారం గుణంలో లేదు!

ఇందులోని పార్థెనిన్ అను పదార్థమే చర్మానికి శత్రువు. మొక్కను ముట్టనక్కరలేదు, ఎండిన ఆకుల పొడి గాలిలో వచ్చి పడినను చాలును. ఎండ వలన కలిగే దద్దు సాధారణముగా కనురెప్పలను, చెవుల వెనుకను, గడ్డం కిందను వదలివేయును. గాలి ద్వారా వచ్చునది వాటిని వదలదు. వానలు పడి మొక్కలు పూతకు వచ్చిన కాలంలో బాధ హెచ్చుట మరొక గుర్తు. ఏళ్లు గడచిన కొలది అది సంవత్సరమంతా నిలిచిపోవచ్చును. నిర్ధారణకు చర్మవైద్యులు వీపుపై పట్టీ పరీక్ష చేసి, రెండు రోజుల తరువాత చూచెదరు. దీనిని ఇంటివద్ద ప్రయత్నించరాదు.

చామంతి, బంతి, పొద్దుతిరుగుడు కూడా ఈ కుటుంబపు మొక్కలే. వయ్యారిభామ పడనివారిలో కొందరికి చామంతి కూడా పడదు. పూజకు మాలలు కట్టు గృహిణులు, బతుకమ్మ పేర్చువారు వేళ్ల చివరలను గమనించుకొనవలెను.

నడక మాననక్కరలేదు, దారి మార్చినచో చాలును. నిండు చేతుల నూలు చొక్కా ధరించి, ఇంటికి రాగానే గోరువెచ్చని నీటితో స్నానం చేసి, ఆ బట్టలను వేరుగా ఉతకవలెను. తడి ఆరకముందే కొబ్బరినూనె పలుచగా రాయవచ్చును. రసి కారుచున్న చర్మంపై వెల్లుల్లి, పసర్లు, సున్నిపిండి తగవు. మొక్క పడని దేహానికి మరొక మొక్క పసరు చికిత్స కాజాలదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొను స్టెరాయిడ్ కలిసిన లేపనాలు మొదట హాయినిచ్చి, తరువాత చర్మాన్ని పలుచబరచును. శీతపిత్తానికి ప్రసిద్ధమైన హరిద్రాఖండంలో చక్కెర హెచ్చు. మధుమేహం కలవారు వైద్యుని అడుగకుండ వాడరాదు.

దద్దుర్లతో పాటు పెదవులు, నాలుక వాచినను, ఊపిరి అందకున్నను ఏ కషాయం కొరకూ ఆగక వెంటనే ఆసుపత్రికి చేరవలెను.

ఇంటి చుట్టూ వయ్యారిభామ ఉన్నచో పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతి తొడుగులతో వేళ్లతో సహా పెరికించవలెను. ఒక్క మొక్క వేలాది విత్తనాలు రాల్చును. ఆ పని దద్దు ఉన్నవారు కాక ఇంటిలో మరొకరు చేయుట మేలు.