లినక్స్‌లో ఏ బ్రౌజర్? పేరు కాదు, ఇంజిన్ చూడండి

రైల్వే ఉద్యోగాల కోసం రాయ్‌పూర్‌కూ, ఉక్కు కర్మాగారం కోసం పక్కనే ఉన్న భిలాయికీ వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఛత్తీస్‌గఢ్‌లో చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో కంప్యూటర్‌కు మూడు భాషలతో పని. పెద్దవాళ్లకు తెలుగు పత్రిక కావాలి, పిల్లల బడి పాఠాలకు హిందీ కావాలి, బ్యాంకు పనికి ఇంగ్లీషు కావాలి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. బాగా పనిచేస్తున్న పాత ల్యాప్‌టాప్‌ను పారేయకుండా లినక్స్ వేయించుకోవడం ఒక మంచి దారి. అయితే వేయించుకున్న రోజే ఒక ప్రశ్న వస్తుంది: ఇందులో ఏ బ్రౌజర్ వాడాలి?

సాఫ్ట్‌వేర్ జాబితా తెరిస్తే ఫైర్‌ఫాక్స్, క్రోమియం, క్రోమ్, బ్రేవ్, వివాల్డీ, ఒపేరా, ఎడ్జ్, ఫాల్కన్ అంటూ బోలెడు పేర్లు కనిపిస్తాయి. కానీ వెబ్ పేజీని చదివి తెరమీద బొమ్మగా మార్చే భాగం వేరే ఉంటుంది. దాన్నే ఇంజిన్ అంటారు. ఆ లెక్కన చూస్తే ఫైర్‌ఫాక్స్‌ది గెకో, గ్నోమ్ వెబ్‌ది వెబ్‌కిట్, పైన చెప్పిన మిగతావాటన్నిటిదీ బ్లింకే. ఎనిమిది పేర్లున్న జాబితాలో నిజానికి ఉన్నవి రెండు ఇంజిన్లే.

ఈ బ్లింక్ మూలాలు లినక్స్ ఇంట్లోనే ఉన్నాయి. కేడీఈ డెస్క్‌టాప్ కోసం స్వచ్ఛంద కార్యకర్తలు కాంకరర్ అనే బ్రౌజర్ తయారుచేశారు. దాని ఇంజిన్ కేహెచ్‌టీఎంఎల్. యాపిల్ దాన్ని తీసుకుని వెబ్‌కిట్‌గా మలిచి, 2003 జనవరిలో సఫారీని ప్రకటించింది. 2013 ఏప్రిల్‌లో గూగుల్ వెబ్‌కిట్ నుంచి విడిపోయి బ్లింక్ మొదలుపెట్టింది. ఇవాళ ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ నడిచే బ్రౌజర్లలో ఎక్కువ భాగం ఆ సంతతే.

ఇక తెలుగు సంగతి. ‘లక్ష్మి’ అన్న మాట కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో అది ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వీటిని చదివి ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, గుడి ఎవరి నెత్తిన పెట్టాలో తేల్చే పనిని లినక్స్‌లో హర్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమియం రెండూ దీన్నే వాడతాయి. అందువల్ల ఒక బ్రౌజర్‌లో తెలుగు డబ్బాలుగా కనిపిస్తుంటే బ్రౌజర్ మార్చడం సాధారణంగా వృథా ప్రయాస. నోటో తెలుగు, లోహిత్ తెలుగు వంటి ఫాంటు వేయాలి. అంతే.

ఈ అక్షరాలు కూర్చే పని చిన్నదేం కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్య ఒక కనిపించని సంకేతం చేరిన సందేశం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. కొద్ది రోజుల్లోనే యాపిల్ సవరణ విడుదల చేసింది. ఆ లోపం యాపిల్ సొంత అక్షర వ్యవస్థలోది కనుక మిగతా ఫోన్లకు అంటలేదు. అందరూ ఒకే ఇంజిన్ వాడితే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

పాత యంత్రంలో అసలు ఇబ్బంది మెమరీతో. నేటి బ్రౌజర్లు భద్రత కోసం ఒక్కో వెబ్‌సైట్‌ను ఒక్కో ప్రాసెస్‌లో విడిగా ఉంచుతాయి. ఒక సైటులో దూరిన హానికర కోడ్ పక్క ట్యాబ్‌లోని బ్యాంకు ఖాతాను చూడకుండా ఇది అడ్డుగోడ. గోడకు ఇటుకలు కావాలి కదా, ఇక్కడ ఇటుకలంటే మెమరీయే. నాలుగు జీబీ యంత్రంలో ఆ బరువు బాగా తెలుస్తుంది. ‘ఫలానాది తేలిక’ అన్న మాటను నమ్మేకంటే మీరే కొలవండి. సిస్టమ్ మానిటర్‌లో ఒక్కో ప్రాసెస్ పక్కనున్న అంకెలను కూడితే మాత్రం తప్పు లెక్క రావచ్చు. ప్రాసెస్‌లు ఉమ్మడిగా వాడుకునే భాగం ప్రతిదాని ఖాతాలోనూ పడే అవకాశం ఉంది మరి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, అందుబాటులో ఉన్న మెమరీ ఎంతో రాసుకోండి. మీరు రోజూ చూసే అయిదు పేజీలు తెరిచి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఆ తేడాయే బ్రౌజర్ ఖర్చు. ఇలా ఒక్కోదానికి మూడుసార్లు చేసి మధ్య విలువ తీసుకోండి. రీస్టార్ట్ మానేస్తే ముందు తెరిచిన బ్రౌజర్ తాలూకు మిగులు రెండోదాని లెక్కను పాడుచేస్తుంది.

ప్రకటనలను ఆపే పొడిగింపు పెట్టి మరోసారి కొలవండి. చాలా వార్తా పేజీల్లో వార్త కన్నా ప్రకటనల బరువే ఎక్కువ. యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపంలో ఫైర్‌ఫాక్స్‌లో నడుస్తుంది. పొడిగింపుల నిబంధనలు మారాక క్రోమ్‌లో అది ఆగిపోయింది. బ్రౌజర్ల మధ్య తేడా కన్నా ఈ తేడాయే పెద్దదిగా కనిపించినా ఆశ్చర్యం లేదు.

బ్రౌజర్‌ను ఎక్కడినుంచి వేశారన్నదీ చూడాలి. ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ పొట్లంగా వస్తుంది. పాత హార్డ్‌డిస్క్ మీద మొదటిసారి తెరుచుకోవడానికి అది కాస్త తటపటాయిస్తుంది. మింట్‌లో మామూలు ప్యాకేజీయే. డెబియన్‌లో దీర్ఘకాల మద్దతు గల కూర్పు ఉంటుంది. ఏదైనా సరే, నవీకరణలు ఆగకూడదు. 32 బిట్ల లినక్స్‌కు క్రోమ్ 2016 మార్చిలోనే మద్దతు ఆపేసింది. అలాంటి యంత్రంలో నిలిచిపోయిన పాత కూర్పుతో బ్యాంకు సైటు తెరవకపోవడమే మేలు.

నన్నడిగితే అలాంటి ఇంట్లో రోజువారీ వాడకానికి ఫైర్‌ఫాక్స్ పెడతాను. దాని మెనూలనూ తెలుగులోకి మార్చుకోవచ్చు. పక్కన క్రోమియం కూడా ఉంచుతాను. ఒక్క ఇంజిన్‌తోనే పరీక్షించి వదిలేసిన ఫారాలు అప్పుడప్పుడు ఎదురవుతాయి, అవి నింపడానికి.