దాచిన మన్నా, ఇంటిలోని రికార్డరు

పాఠ్యభాగము: నిర్గమకాండము 16:13-36
కంఠస్థము చేయవలసిన వచనము: ఎఫెసీయులకు 5:16



ఇచ్చోడలోను చుట్టుపట్ల గ్రామములలోను ఇండ్లను దర్శించుచుండగా ఒక ప్రశ్నను పలువురు మమ్మును అడుగుచున్నారు: "అయ్యగారూ, టీవీల వచ్చేది పెన్‌డ్రైవుల పట్టి పెట్టుకొని తర్వాత చూస్తే తప్పా?" ఇది నవ్వి విడువవలసిన ప్రశ్న కాదు. మన సాయంకాలములు, మన ఆదివారములు, మన పిల్లల మనస్సులు దీనిలో ఇమిడియున్నవి. తప్పు, ఒప్పు అని ఒక్క మాటలో తేల్చుటకు ముందు, దాచుకొనుటను గూర్చి దేవుడు అరణ్యములో తన ప్రజలకు నేర్పిన పాఠమును ధ్యానించుదము. ఆ అధ్యాయములో మన్నాను దాచుట మూడు విధములుగా కనబడుచున్నది.

1. ఈ పెట్టె చేయు పని

మన దేశములో టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆరంభమాయెను. బహుకాలము వరకు ప్రసారమగు గంటకు ఎదుట కూర్చున్నవాడే దానిని చూచెను. రామాయణము ధారావాహిక 1987 జనవరి 25 మొదలు 1988 జూలై 31 వరకు ఆదివారము ఉదయమున వచ్చినప్పుడు బజారులు బోసిపోయిన సంగతి మన పెద్దలు ఎరుగుదురు. పొరుగువారి భక్తిని తప్పు పట్టుట మా ఉద్దేశము కాదు. గంటను గూర్చి మాత్రమే చెప్పుచున్నాము. ఆదివారము ఉదయము మన ఆరాధన సమయము. తెరయా, దేవుని మందిరమా అని విశ్వాసి ఆ ఉదయమున ఎంచుకొనవలసి యుండెను.

తరువాత 1999లో అమెరికాలో డిజిటల్ రికార్డరులు అమ్మకమునకు వచ్చెను. మన దేశములో 2008లో టాటా స్కై వారు ప్లస్ అను పెట్టెను తెచ్చిరి. దానిలో 160 గిగాబైట్ల డిస్కు, సుమారు 45 గంటల కార్యక్రమములకు చోటు ఉండెను. ఇప్పుడు అంత ఖరీదైన పెట్టె అవసరము లేదు. నెలనెల డబ్బు కట్టకుండ డీడీ ఫ్రీ డిష్ చూపు చిన్న పెట్టెలలో అనేకమైనవాటికి పెన్‌డ్రైవు పెట్టుకొను చోటు కలదు. రిమోటుతో గంటను, ఛానలును చెప్పిన యెడల అది తనంతట తానే పట్టి యుంచును.

అయితే ఈ పెట్టె స్వభావమును తెలిసికొనుడి. దాని కొట్టు నిండును. నిండిన పిమ్మట పాతది చెరుపనిదే క్రొత్తదానికి చోటుండదు. కరెంటు పోయిన యెడల పట్టుట ఆగిపోవును. నెలనెల చెల్లించు కంపెనీల పెట్టెలలో పట్టినది సాధారణముగా ఆ పెట్టెలోనే తెరువబడును. పెట్టె చెడిపోయిన యెడల దాచినదంతయు దానితోకూడ పోవును. చిమ్మటయు తుప్పును తినివేయు ధనమును గూర్చి ప్రభువు మత్తయి సువార్త 6:19లో చెప్పినది ఈ కొట్టుకును వర్తించును.

2. ఆశతో దాచిన మన్నా

ఒక్కొక్కరికి ఒక ఓమెరు, అనగా సుమారు రెండు లీటర్ల కొలత చొప్పున, దినదినము కూర్చుకొనవలెననియు, ఉదయము వరకు ఏమియు మిగుల్చకూడదనియు ఆజ్ఞ కలిగెను. కొందరు వినక దాచిరి. అది పురుగు పట్టి కంపు కొట్టెను (20వ వచనము). వారు ఎందుకు దాచిరి? రేపు దొరకదేమో అను భయము చేతనే గదా! నేడు రికార్డు మీటను నొక్కు వ్రేలిలోను తరచుగా ఆ భయమే యున్నది: చూడకపోయిన పోవునేమో, నలుగురు మాటలాడుకొనునప్పుడు నాకు తెలియకపోవునేమో.

లెక్క చూడుడి. అరగంట ధారావాహికలు రెండు, వారమునకు ఆరు దినములు చూచు ఇంటిలో వారమునకు 6 గంటలు, సంవత్సరమునకు 312 గంటలు అగును. అనగా రాత్రింబగళ్లు కలిపి 13 పూర్తి దినములు. పత్తి ఏరు కాలములో చేనినుండి చీకటి పడి వచ్చి, అన్నము తిని పండుకొనువారు పూర్వమైతే ఆ వారపు కథను పోగొట్టుకొనిరి, పోయినది పోయెను. ఇప్పుడు అది పోదు. అప్పువలె పెట్టెలో నిలిచియుండును. ఆదివారము తెల్లవారగానే ఆరు దినముల బాకీ ఎదుటికి వచ్చును. విశ్రాంతి కొరకు దేవుడిచ్చిన దినము బాకీ తీర్చు దినమగును. దాచిన మన్నాలోని పురుగు ఇదియే.

"ప్రకటనలను దాటవేసి సమయము మిగుల్చుకొందుము" అని కొందరు చెప్పుదురు. నిజమే. గంటకు 12 నిమిషముల ప్రకటనలు ఉన్నవనుకొందము. అయిదు గంటలు చూచిన వానికి ఒక గంట మిగులును. ఆ మిగిలిన గంటను దేనికి ఇచ్చితిమి? వృద్ధురాలైన తల్లితో మాటలాడుటకా, బిడ్డ పాఠము చూచుటకా, లేక ఇంకొక కథకా? ఇంకొక కథకే ఇచ్చిన యెడల మనకు మిగిలినది ఏమియు లేదు.

3. విశ్రాంతిదినము కొరకు దాచిన మన్నా

ఇప్పుడు 22 మొదలు 24 వరకు గల వచనములు చదువుడి. ఆరవ దినమున ప్రజలు రెండేసి ఓమెరులు కూర్చుకొని మరునాటికి ఉంచుకొనిరి. అదే మన్నా, అవే గుడారములు, అదే ఒక్క రాత్రి. అయినను కంపు కొట్టలేదు, పురుగు పట్టలేదు. భేదము మన్నాలో లేదు. మొదట దాచినవారు దేవుని మాటను త్రోసివేసి దాచిరి. వీరు ఆయన మాట చొప్పున, ఆయన దినమును ఆచరించుటకు దాచిరి.

సహోదరులారా, ఈ పాఠమంతటికి ఇదియే కీలకము. దాచుట పాపము కాదు. దేని కొరకు దాచుచున్నామో అదియే ప్రశ్న. సాయంకాలము 7 గంటలకు కుటుంబ ప్రార్థన అని నిర్ణయించుకొన్న ఇంటిలో అదే గంటకు అత్తకు కథ, కొడుకుకు క్రికెట్టు వచ్చును. పూర్వము ఆ గంటకు కలహమైనను కలిగెను, ప్రార్థనయైనను తప్పెను. ఇప్పుడు పెట్టెకు పని చెప్పి తెరను ఆర్పవచ్చును. పెట్టె తన పని చేయుచుండగా ఇంటివారు మోకరించవచ్చును. అట్టి ఇంటిలో రికార్డరు సేవకుడు. అది దేవుని గంటను కాపాడుచున్నది.

అయినను 27వ వచనమును మరువకుడి. ఇంటిలో మన్నా సిద్ధముగా ఉండగానే కొందరు ఏడవ దినమున ఏరుకొనుటకు బయలుదేరిరి, వారికి ఏమియు దొరకలేదు. పట్టుట జరుగుచుండగానే "ఒక్కసారి చూతము" అని తెరను వెలిగించువాడు వారివంటివాడే.

4. సాక్ష్యము కొరకు దాచిన మన్నా

మూడవది 32 మొదలు 34 వరకు గల వచనములలో నున్నది. రాబోవు తరములవారు చూచునట్లు ఒక ఓమెరు మన్నాను పాత్రలో పోసి యెహోవా సన్నిధిని ఉంచిరి. నలువది సంవత్సరములు తిన్న మన్నాలోనుండి ఈ పాత్రలో ఉంచినది ఒక్క ఓమెరు మాత్రమే! సాక్ష్యమునకు కొంచెము చాలును.

సీషెల్స్ దీవులనుండి ఫెబా రేడియో 1970 మొదలు 2003 వరకు మన దేశమువైపు సువార్తను ప్రసారము చేసెను. ఆ గంటకు చేనిలో నున్నవాడు దానిని వినలేకపోయెను. 1978లో విడుదలైన కరుణామయుడు చిత్రమును ఊరిలో తెర కట్టి చూపిన రాత్రి రాలేనివారు మరల వచ్చువరకు కనిపెట్టుకొనియుండిరి. నేడు ఒక మంచి సందేశమును పట్టి, మంచము పట్టిన వృద్ధుని యొద్ద పెట్టవచ్చును. మన ప్రాంతములో గోండి, లంబాడీ, మరాఠీ మాటలాడు అవ్వలు అనేకులు కలరు. తెర మీది గ్రాంథికపు తెలుగు వారికి కొరుకుడు పడదు. రికార్డరుకు ఆపు మీట యున్నది గదా! రెండు మాటలకొకసారి ఆపి, అవ్వ భాషలో మనుమరాలు వివరించిన యెడల ఆ ఇంటిలో ఒక చిన్న సంఘము కూడినట్లే. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4:16లో పౌలు తన పత్రికను ఒక సంఘములో చదివిన తరువాత మరియొక సంఘములోను చదివించుమనెను. దూరముననున్నవాని మాట ఇట్లే చేతులు మారి, కూడుకొనినవారి మధ్య పలుకబడెను. అయితే తెర మీద వచ్చినదంతయు వాక్యము కాదు. 1 థెస్సలొనీకయులకు 5:21 చొప్పున పరీక్షించి మేలైనదానినే దాచుడి.

5. దాచుటకు వీలుకానిది

2020 మార్చి 25 మొదలు దేశమంతట లాక్‌డౌన్ విధింపబడినప్పుడు మన మందిరములు మూయబడెను. తెర మీదను ఫోనులోను వచ్చిన ఆరాధన ఆ దినములలో దేవుని దయయే. అదే సంవత్సరము జూన్ 8 నుండి తలుపులు తెరచుటకు సెలవు దొరికెను. అయినను కొన్ని కుటుంబములు ఇంకను తిరిగి రాలేదు. "మంచి ప్రసంగము పట్టి పెట్టుకొన్నాము, తీరిక దొరికినప్పుడు చూచుచున్నాము" అని చెప్పుచున్నారు. వారిని నిందించుట లేదు. వారి కొరకు ఎదురుచూచుచున్నాము.

ప్రియులారా, తెర మీది బోధకుడు మాకంటె చక్కగా బోధింపవచ్చును. అయితే అతడు మీ పేరు ఎరుగడు. మీ ఎద్దు చచ్చినప్పుడు, ఏరిన పత్తి వానకు తడిసినప్పుడు మీ గుమ్మమునకు రాడు. మీరు రాని ఆదివారమున మీ చోటు ఖాళీగా ఉన్నదని అతడు చూడడు. ప్రక్కన కూర్చుండు విధవరాలు చూచును. హెబ్రీయులకు 10:25 సమాజముగా కూడుటను మానవద్దని హెచ్చరించుచున్నది. 1 కొరింథీయులకు 11:33 ప్రభువు భోజనమునకు ఒకని కొరకు ఒకడు కనిపెట్టుకొనవలెనని నేర్పుచున్నది. ప్రసంగమును పట్టి యుంచవచ్చును. విరువబడిన రొట్టెను, చేయి పట్టి చేసిన ప్రార్థనను ఏ పెట్టెయు పట్టలేదు.

ఆచరించుటకు

మొదట ప్రార్థన గంటను నిర్ణయించుకొని, ఆ తరువాత పెట్టెకు పని చెప్పుడి.

శనివారము రాత్రి ఇంటివారందరు కూర్చుండి, చూడక మిగిలినవాటిని చెరుపుడి. ఆదివారమునకు బాకీ ఉంచకుడి. చూడని కథను చెరిపినందున ఏ ఇల్లును కూలదు.

వారమునకు ఒక్క మంచి సందేశమును దాచి, నలుగురితో కూడి చూచి, దానిని గూర్చి మాటలాడుడి.

ఆలోచించుటకు

మన ఇంటి పెట్టెలో నేడున్నవి ఈ మూడు మన్నాలలో దేనికి చెందినవి?
కుటుంబ ప్రార్థనకు మన ఇంటిలో నిలిచిన గంట ఏది?
మనము రాని ఆదివారమున మన కొరకు చూచువారెవరు? మనము ఎవరి కొరకు చూచుచున్నాము?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, దినదినము మాకు చాలినంత ఇచ్చు నీ చేతిని నమ్ముటకు నేర్పుము. పోవునేమో అను భయమునుండి మమ్మును విడిపింపుము. మా ఇండ్లలోని ప్రతి వస్తువును నీ గంటను కాపాడు సేవకునిగా చేయుము. దూరమైన కుటుంబములను మరల నీ బల్లయొద్దకు నడిపింపుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.