కరెంటు రాదనుకుని మొదలుపెట్టండి

కరెంటు పోగానే మనం ముందు చేసే పని కిటికీలోంచి తొంగిచూడటం. పక్కింట్లో కూడా చీకటిగా ఉంటే సగం దిగులు తీరిపోతుంది. అందరికీ పోయింది కదా, వచ్చేస్తుందిలే అనుకుంటాం. కోతల మధ్య పెరిగిన తెలుగువాళ్లకు ఇది చిన్నప్పటి నుంచీ ఒంటబట్టిన ధైర్యం. వేసవి రాత్రి ఫ్యాను ఆగిపోతే మంచం డాబా మీదికి చేర్చి, విసనకర్ర అందుకుని, కరెంటోళ్లను నాలుగు మాటలు అనుకుని పడుకున్న తరం మాది. ఎండాకాలంలో ఆ ధైర్యం మంచిదే. గడ్డకట్టే చలిలో మాత్రం అదే మనిషిని ముంచుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ నెల 15న, సోమవారం తెల్లవారుజామున ఒంటిగంట దాటాక, మంచు తుపాను మధ్య అక్కడ కోతలు మొదలయ్యాయి. చలికి గ్యాస్ బావులు, పైపులు, విద్యుత్ కేంద్రాల పరికరాలు గడ్డకట్టాయి. హీటర్ల వాడకం మాత్రం ఆకాశాన్నంటింది. టెక్సస్ గ్రిడ్ చాలావరకు ఒంటరిది, పక్క రాష్ట్రాల నుంచి కావలసినంత కరెంటు తెచ్చుకునే వీలు లేదు. ఇంకో నాలుగున్నర నిమిషాలు గడిస్తే రాష్ట్రమంతా ఒక్కసారిగా చీకటై, కోలుకోవడానికి వారాలు పట్టేదని గ్రిడ్ నిర్వాహకులే తర్వాత చెప్పారు. అందుకని వంతులవారీగా కోత పెడతామన్నారు. పేటకు కాసేపు చొప్పున అన్నమాట. అయితే ఉన్న కాస్త కరెంటూ ఆసుపత్రుల వంటి అత్యవసరాలున్న లైన్లకే సరిపోయింది. వంతు తిరగనే లేదు. కాసేపనుకున్న చీకటి కొన్ని ఇళ్లలో మూడు రోజులు నిలిచింది. 16వ తేదీన డాలస్‌లో ఉష్ణోగ్రత మన లెక్కలో మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. ఆ తుపానులో ప్రభుత్వం తేల్చిన మరణాలు 246.

వ్యక్తిత్వ వికాసం పేరుతో చెప్పే మాటల్లో ఆశావాదానికి పెద్దపీట వేస్తాం. నాకు దానిమీద గౌరవమే ఉంది. కానీ ఆపదలో ఆశను మనసులో ఉంచుకోవాలి గానీ లెక్కలో కలపకూడదు. ‘ఇంకో అరగంటలో వచ్చేస్తుంది’ అనుకుంటూ కూర్చున్న ప్రతి అరగంటా ఇంట్లో మిగిలిన వెచ్చదనం ఖర్చయిపోతుంది. హీటరు ఆగిన మొదటి గంటలో మన చేతిలో ఎంతో ఉంటుంది. గోడలు వెచ్చగా ఉంటాయి, ఫోను నిండుగా ఉంటుంది, కుళాయిలో నీళ్లు వస్తాయి, వేళ్లు కొంకర్లు పోలేదు. ఆరు గంటలు గడిచాక వీటిలో ఏ ఒక్కటీ అలా ఉండకపోవచ్చు. ఏర్పాట్లు చేసుకోవడమంటే కష్టాన్ని ఒప్పుకున్నట్టే అనిపిస్తుంది, మనసు వాయిదా వేసేది అందుకే. రాదనుకుని ఏర్పాట్లు చేసుకున్నాక కరెంటు వచ్చిందనుకోండి, పోయేది రెండు గంటల నిద్ర, అంతే.

డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో నాకు తెలిసిన ఒక కుటుంబం ఆ మూడు రోజులూ ఎలా గడిపిందో చెబుతాను. రెండో అంతస్తులో అద్దె అపార్ట్‌మెంటు, ఇద్దరు చిన్నపిల్లలు, కరెంటు పొయ్యి. అంటే పాలు కాచుకునే దారి కూడా లేదు. హీటరు ఫ్యాను శబ్దం ఆగిపోవడంతో ఆ ఇల్లాలికి మెలకువ వచ్చింది. ఆమె మళ్లీ పడుకోలేదు. మొదట నీళ్లు పట్టింది. స్నానాల తొట్టి, గిన్నెలు, కుక్కర్లు, చివరికి ఇడ్లీ పిండి డబ్బా కూడా. మర్నాడు ఆ చుట్టుపక్కల చాలాచోట్ల కుళాయిలు సన్నగిల్లాయి, ఆ నీళ్లే అక్కరకొచ్చాయి. తర్వాత అన్ని కుళాయిలనూ సన్నటి ధారగా వదిలింది. నీరు కదులుతుంటే గొట్టాలు గడ్డకట్టి పగిలే ప్రమాదం తగ్గుతుంది. బయటి గోడ వైపున్న సింకు కింది అర తలుపులూ తెరిచి పెట్టింది. టీవీ, కంప్యూటర్ల ప్లగ్గులు తీసేసి, కరెంటు వస్తే తెలియాలని ఒక్క దీపం స్విచ్ వేసి ఉంచింది.

అసలు తెలివి గది ఎంచుకోవడంలో ఉంది. హాలూ కాదు, పడకగదీ కాదు. బట్టలు పెట్టుకునే చిన్న గదిలోకి పరుపు లాగారు. దానికి కిటికీ లేదు, బయటి గోడ లేదు, రెండు వైపులా వేలాడే బట్టలే చలికి అడ్డం. తలుపు కింద తువ్వాలు చుట్టి పెట్టారు. కింద దుప్పట్లు పరిచారు, ఎందుకంటే ఒంట్లో వేడిని నేల కూడా లాగేస్తుంది. నలుగురూ ఒకే చోట, మందపాటి స్వెట్టరు ఒకటి కాకుండా పల్చటివి మూడు నాలుగు వేసుకుని, తలకు టోపీలు పెట్టుకుని పడుకున్నారు. కొవ్వొత్తి లోపలికి రానివ్వలేదు. బట్టల మధ్య మంట అంటే మాటలా! టార్చి బాధ్యత పెద్దపిల్లకు అప్పగించారు. ‘ఎప్పుడొస్తుందమ్మా?’ అని ఆ పిల్ల అడిగితే ‘తెలీదు బంగారం, వచ్చేదాకా మనం ఇక్కడే’ అని చెప్పిందట తల్లి. నాకు బాగా నచ్చిన మాట అది. పిల్లలకు అబద్ధపు గడువు చెబితే అది దాటిన ప్రతిసారీ వాళ్ల భయం పెరుగుతుంది. ఉన్నమాట చెప్పి, చేతిలో ఒక పని పెడితే కుదుటపడతారు.

ఫ్రిజ్ గురించి ఎక్కువ బెంగ అక్కర్లేదు. తలుపు తీయకపోతే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజరు దాదాపు 48 గంటలు చల్లదనం నిలుపుకుంటాయి. ఇన్సులిన్ మాత్రం బాల్కనీలో పెట్టకండి. ఒక్కసారి గడ్డకడితే ఇక పనికిరాదు.

ఇక ఊపిరి సంగతి. ఎండాకాలపు కోతలో తలుపులు బార్లా తెరుస్తాం, చలిలో అన్నీ బిగిస్తాం. ప్రాణం మీదికి వచ్చేది ఆ బిగింపుతోనే. చలికాలంలో కుంపటి చుట్టూ కూర్చునే అలవాటు మనకుంది. లంబసింగిలోనో ఆదిలాబాద్ గూడేల్లోనో ఆరుబయట చలిమంట వేసుకుంటే ఇబ్బంది లేదు. అదే బొగ్గును తలుపులు వేసిన ఇంట్లో రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోటును అంతకు 200 రెట్లకు పైగా పట్టుతో ఆక్రమిస్తుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, చలివల్లేనేమో అనుకునేలా మగత. ఆ మగతలోనే మనిషి పోతాడు. టెక్సస్‌లో ఆ వారం బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లు, గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చున్నవాళ్లు ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. కారులో వెచ్చగా కూర్చోవాలన్నా, ఫోను చార్జింగ్ పెట్టుకోవాలన్నా దాన్ని పూర్తిగా బయటికి తీయాలి, పొగగొట్టానికి మంచు అడ్డం లేకుండా చూసుకోవాలి. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. గ్యాస్ పొయ్యి మీద అన్నం వండుకోండి, గది వేడెక్కడానికి మాత్రం వెలిగించి వదలకండి. ఇంటివాళ్లంతా చలికి వణుకుతూ బతిమాలినా, వెచ్చదనం కోసం ఇంట్లో మంట పెట్టడాన్ని మాత్రం కాదనగలగాలి. అంత గట్టిదనం అవసరమయ్యే సందర్భాలు జీవితంలో ఎక్కువ రావు.

వణుకుతున్న మనిషి గురించి కంగారు పడండి, వణుకు ఆగిపోయిన మనిషి గురించి ఇంకా ఎక్కువ కంగారు పడండి. పెద్దవాళ్లకు మాట ముద్దగా వస్తున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, చేతిలోది జారిపోతున్నా అది నిద్రమత్తు కాదు, ఒళ్లు చల్లబడిపోతున్న లక్షణం. తడిబట్టలు మార్చి, పక్కన పడుకుని ఒంటి వేడి ఇచ్చి, అత్యవసర సాయానికి ఫోన్ చేయాలి.

అన్నిటికంటే కష్టం ఇంకొకటుంది, మనవాళ్లకు మరీ కష్టం. అడగడం. ఆ ఫిబ్రవరిలో కరోనా భయం కూడా తోడైంది, ఒకరింటికి ఒకరు వెళ్లడమే తప్పన్నట్టుగా ఉండేది. పది మైళ్ల దూరంలో కరెంటున్న స్నేహితుడి ఇల్లు ఉన్నా, ‘పిల్లాజెల్లాతో మీదపడితే ఏమనుకుంటారో’ అని మొహమాటపడి రెండు రాత్రులు చలిలో గడిపిన ఇళ్లున్నాయి. అవతలివాళ్లేమో ‘రమ్మంటే నొచ్చుకుంటారేమో’ అని ఊరుకున్నారు. హ్యూస్టన్‌లో జిమ్ మెకింగ్‌వేల్ అనే వ్యాపారి తన ఫర్నిచర్ దుకాణాల తలుపులు తెరిచి, అమ్మకానికి పెట్టిన సోఫాల మీద, పరుపుల మీద జనాన్ని పడుకోనిచ్చారు. అక్కడికి వెళ్లినవాళ్లు ఎవరికీ తీసిపోయినవాళ్లు కాదు. అవసరమున్నప్పుడు నోరు తెరిచి అడగగలగడం కూడా వ్యక్తిత్వమే. రోడ్డు గాజులా గడ్డకట్టాక అడిగినా వెళ్లలేరు, కాబట్టి మొదటి రాత్రే అడగాలి. మీ ఇంట్లో వెలుగుంటే పిలుపు కోసం చూడకండి. ‘అన్నయ్యా, బయల్దేరి వచ్చేయండి, అన్నం పెట్టేశాను’ అని ఫోన్ చేయండి. మొహమాటం దానంతటదే పోతుంది.

రెండో రోజు సాయంత్రానికి ఆలుమగల మధ్య మాట తూలుతుంది. ‘జనరేటరు కొందామంటే విన్నారా?’ అన్న దగ్గర మొదలవుతుంది. చలీ, నిద్రలేమీ, ఆకలీ కలిసి పలికించే మాటలవి. కరెంటు వచ్చాక మాట్లాడుకుందామని ముందే ఒక ఒప్పందం చేసుకోవచ్చు. ఒక్కసారి ఏదైనా వేడిగా తాగితే సగం గొడవ తీరుతుంది. చిన్న క్యాంపింగ్ స్టవ్ ఒకటి ఉంటే, బాల్కనీలోనో పెరట్లోనో టీ పెట్టుకోవచ్చు.

ఆ తర్వాత టెక్సస్ చట్టం మార్చింది, విద్యుత్ కేంద్రాలు చలికి తట్టుకునేలా సిద్ధం కావాలంది. 2022 డిసెంబరు చలిగాలులకు అక్కడి గ్రిడ్ నిలబడింది. కానీ అదే వారం టెనెసీలో, కరోలినాల్లో వంతుల కోతలు పడ్డాయి. ఏ ఊరూ దీనికి మినహాయింపు కాదు. అమెరికాలో ఉండేవాళ్లు నవంబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పే ఆదివారం నాడు కార్బన్ మోనాక్సైడ్ అలారం మీట నొక్కి చూడండి, టార్చి బ్యాటరీలు మార్చండి. నీళ్ల మెయిన్ వాల్వు ఎక్కడుందో చూపించి, ఇంట్లో ప్రతి ఒక్కరి చేతా ఒకసారి తిప్పించండి. కరెంటు లేకుండా గ్యారేజీ తలుపు ఎత్తడానికి లాగే ఎర్ర తాడును పిల్లలకు చూపించండి. ఫోను ఆరిపోయినా అందేలా ఐదుగురు ఆప్తుల నంబర్లు కాగితం మీద రాసి వంటింటి అర తలుపు లోపల అంటించండి. వాళ్లలో ఇద్దరికి ఆ రోజే ఫోన్ చేసి, ‘అవసరమొస్తే మీ ఇంటికొస్తాం, మీకొస్తే మా ఇంటికి రండి’ అని అనేయండి.